పూతను కాపాడారు

2022 వేసవిలో, కరీంనగర్‌లోని నా క్లినిక్ ముందు పాత బోర్డు కింద ఒక కొత్త బోర్డు పెట్టించాను. క్రిములను చంపే వెండి పూత క్లిప్పులు ఇక్కడ వేయబడును అని దాని మీద నీలం అక్షరాల్లో రాయించాను. నా వృత్తిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కుదిపేసిన కేసు ఆ బోర్డుతోనే మొదలైంది.

నేను ఆర్థోడాంటిస్టును. ఎత్తుగా, వంకరగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్న పళ్లను వరసలోకి తేవడం నా పని. ప్రతి పన్ను మీదా బ్రాకెట్ అనే చిన్న లోహపు ముక్కను జిగురుతో అతికించి, వాటన్నిటి గుండా ఆర్చ్‌వైర్ అనే సన్నని తీగ పోనిస్తాం. ఆ తీగ తన అసలు వంపులోకి తిరిగి రావాలని చూస్తూ, పళ్లను కూడా తనతో లాక్కెళుతుంది. ఏడాదిన్నర పట్టవచ్చు, రెండేళ్లు పట్టవచ్చు. మా వైపు వీటిని బ్రేసెస్ అని ఎవరూ అనరు, క్లిప్పులు అంటారు.

ఈ పనిలో మాకు ఒక భయం ఎప్పుడూ ఉంటుంది. బ్రాకెట్ చుట్టూ తిన్నది ఇరుక్కుంటుంది. అక్కడ చేరిన బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం పంటి పైపొర అయిన ఎనామెల్‌లోంచి సున్నాన్ని లాగేస్తుంది. మొదట పన్ను మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లమచ్చ వస్తుంది. దాన్ని వైట్ స్పాట్ అంటాం. అక్కడితో ఆపకపోతే గుంట పడుతుంది, పన్ను పుచ్చుతుంది. వరస బాగుపడి పన్ను పాడైతే, మేం చేసిన పనికి అర్థమే లేదు.

అందుకే బ్రాకెట్ల మీద సన్నని వెండి పూత వేసే పద్ధతి వచ్చింది. వెండి కణాలు బ్యాక్టీరియాను పెరగనివ్వవు. ప్రయోగశాల గాజుపళ్లెంలో ఇది చక్కగా పనిచేస్తుంది. నోట్లో లాలాజలం ఉంటుంది, నమలడం ఉంటుంది. అక్కడ ఈ పూత ఎంత కాలం, ఎంత మేలు చేస్తుందో గట్టిగా చెప్పడం కష్టం. పైగా పూత ఉండేది బ్రాకెట్ మీద, పుచ్చేది దాని పక్కనున్న పన్ను. వాటిని అమ్మడానికి వచ్చిన కుర్ర ప్రతినిధి నాకు అబద్ధమేమీ చెప్పలేదు. బ్రష్ మామూలుగానే చేయాలి సార్, ఇది అదనపు రక్షణ మాత్రమే అన్నాడు. ఆ మాటలో మొదటి సగం నా బోర్డు మీదికి ఎక్కలేదు. నా నోట్లోంచి కూడా చాలాసార్లు బయటికి రాలేదు.

ఆ రోజుల్లో నెలకు రెండు ఆదివారాలు మంచిర్యాలలో ఒక మిత్రుడి క్లినిక్‌లో కూర్చునేవాణ్ని. బొగ్గు గనుల ఊళ్ల నుంచి జనం బాగా వచ్చేవాళ్లు. నస్పూర్ నుంచి ఓదెలు, అతని భార్య సమ్మక్క, కూతురు రవళి అలాగే వచ్చారు. ఓదెలు గనిలో నీళ్లు తోడే పంపుల దగ్గర ఫిట్టర్. రవళి అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉంది. పైపళ్లు ముందుకు వచ్చి పెదవులు కలిసేవి కావు. నవ్వు వస్తే చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకునేది. కాలేజీలో ఎవరో ఏదో అన్నారట. ఏమన్నారో సమ్మక్క నాకు చెప్పబోతే ఆ పిల్ల తల్లిని మోచేత్తో పొడిచింది.

రెండు రకాల బ్రాకెట్లు వాళ్ల ముందు పెట్టాను. ఇది మామూలుది, ఇది వెండి పూత ఉన్నది, దీనికి పురుగు పట్టదు అన్నాను. సమ్మక్క ఆ చిన్న ముక్కను అరచేతిలో వేసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురులో తిప్పి చూసింది. తర్వాత భర్త వైపు చూడకుండానే తేల్చేసింది.

"గీ పూతదే ఎయ్యుండ్రి సారూ. మాకు ఒక్కతే బిడ్డ."

బ్రాకెట్లు అతికించిన రోజు ఓదెలు కుర్చీ పక్కన నిలబడి నా పని గమనిస్తూనే ఉన్నాడు. అయిపోయాక గట్టిగా నిట్టూర్చి, తాను గనిలో బోల్టులు బిగిస్తుంటే సారు ఇక్కడ బిడ్డ నోట్లో బిగించిండని నవ్వాడు. పెదవులు వాచి మాట సరిగా రాకపోయినా రవళి ఊరుకోలేదు.

"నీ పంపు లెక్క నా నోరు లీకైతలేదు, పా బాపూ."

అందరం నవ్వాం. అలాంటి కుటుంబాలు డాక్టర్లకు ఇష్టం. చెప్పిన రోజున వస్తారు, చెప్పింది చేస్తారు, ఎదురు ప్రశ్న వేయరు. ఎదురు ప్రశ్న వేయకపోవడం మంచి గుణమని అప్పుడు నేను నిజంగా నమ్మేవాణ్ని.

రెండేళ్లలో వాళ్లు ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. పళ్లు నేను కోరుకున్నట్టే కదిలాయి. ఎత్తు తగ్గింది, సందులు మూసుకున్నాయి, పెదవులు కలిశాయి. ఇక్కడ నా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. మేం పళ్ల వరసను చూస్తాం. ఏది ఎంత కదిలింది, ఏ తీగ మార్చాలి, ఏ రబ్బరు బిగించాలి అని చూస్తాం. ఒక్కో పన్నును విడిగా, గాలి ఊది ఆరబెట్టి చూస్తేనే మొదటి తెల్లమచ్చలు కనిపిస్తాయి. తడి పన్ను మీద అవి దాక్కుంటాయి. మంచిర్యాలలో బయట బెంచీలు నిండి ఉండేవి. నేను ఆరబెట్టి చూడలేదు. చెంప పక్కకు లాగి, తీగ మార్చి, రవళి కోరిన రంగు రబ్బరు రింగులు వేసి, తర్వాతి వాళ్లను పిలిచేవాణ్ని.

చిగుళ్లు వాచినట్టు ఉండడం మాత్రం చూశాను. చూసినప్పుడల్లా, జర శుభ్రంగ ఉంచుకో బిడ్డా అన్నాను. రవళి తలూపేది. వెనక నుంచి సమ్మక్క, ఉంచుకుంటది సారూ, నేను దగ్గరుండి చూస్త అనేది. ఆమె మాట నిలబెట్టుకుంది. అది నాకు తర్వాత తెలిసింది.

2024 మే నెలలో క్లిప్పులు తీసేయడానికి వాళ్లను కరీంనగర్ రమ్మన్నాను. ఈ పనిని డీబాండింగ్ అంటారు. బ్రాకెట్లు ఊడదీయాలి, మిగిలిన జిగురును గీకేయాలి, పళ్లకు మెరుగు పెట్టాలి. దానికి కావలసిన సామానంతా నా దగ్గరే ఉంది. ఓదెలు సెలవు పెట్టుకుని వచ్చాడు. రవళి కొత్త డ్రెస్సు వేసుకుంది. మంచిర్యాల నుంచి బస్సులో నిలబడి వచ్చినా ముగ్గురి ముఖాల్లోనూ పెళ్లికి వచ్చినవాళ్ల కళ ఉంది. మొదటి ఫోటో తనదేనని, అప్పుడు డాక్టరు కూడా పక్కకు జరగాలని ఓదెలు ముందే షరతు పెట్టి, ఫోను అద్దాన్ని చొక్కాతో తుడుచుకుంటూ బయట కూర్చున్నాడు.

బ్రాకెట్‌ను ప్లయర్‌తో రెండు పక్కలా నొక్కితే చిన్న చప్పుడుతో ఊడి వస్తుంది. పైవరసలో నడిమి పన్ను మీది బ్రాకెట్ తీశాను. జిగురు గీకాను. గాలి ఊదాను.

లైటు ఇంకా దగ్గరికి లాక్కున్నాను.

బ్రాకెట్ ఉన్న చోట పన్ను నిగనిగలాడుతూ చిన్న చదరంలా ఉంది. దాని చుట్టూ సున్నం కొట్టినట్టు తెల్లటి చట్రం ఉంది. చిగురు దగ్గర ఆ తెలుపు పసుపుకు తిరిగి గరుకుగా మారింది. ఒక్క పన్నే అయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. రెండోది తీశాను. మూడోది తీశాను. పక్కపన్ను మీద బ్రాకెట్ అంచున గోధుమరంగు మచ్చ ఉంది. కొన సన్నగా ఉండే ప్రోబ్ అనే పరికరాన్ని దాని మీద ఆనించాను. మెత్తగా లోపలికి దిగింది. మనిషి ఒంట్లో అన్నిటికన్నా గట్టిది ఎనామెల్. అందులోకి సూది దిగిన సంగతి నా వేళ్లకు తెలిసింది.

రవళి కళ్లు మూసుకుని ఉంది. క్లిప్పులు తీయగానే ప్రతి పేషెంటూ ఒకే పని చేస్తారు, నాలుకతో ముందుపళ్లు తడుముకుంటారు. ఆ పిల్ల కూడా అదే చేసింది.

"గరుకుగున్నయ్ సార్. జిగురు ఇంక పోలేదా?"

జిగురు అప్పటికే పోయింది.

ఏం జరిగిందో తెలుసుకుందామని అద్దంతో పళ్ల లోపలివైపు చూశాను. అక్కడ ఇంకా పెద్ద ఆశ్చర్యం ఎదురైంది. లోపలివైపు ఒక్క మరక లేదు. కింది పళ్ల వెనక సాధారణంగా అందరికీ పట్టే గార కూడా లేదు. పళ్లు తోముకోని మనిషికి ముందు లోపలివైపే గార పడుతుంది. ఈ నోరు లోపల ఎంతో శ్రద్ధగా తోముకున్న నోరు, బయట రెండేళ్లుగా బ్రష్ తగలని నోరు. ఒకే మనిషి నోట్లో ఈ రెండూ ఎలా ఉన్నాయో నాకు అర్థం కాలేదు.

అర్థం కానప్పుడు అడగాలి. నేను అడగలేదు, కోప్పడ్డాను. ఓదెలును, సమ్మక్కను లోపలికి పిలిపించి, వాళ్ల ఎదురుగా ఆ పిల్లను నిలదీశాను. రెండేళ్లు ఏం చేశావు, పళ్లు అసలు ఎప్పుడైనా తోమావా, ఇంత ఖర్చు పెట్టి ఇంత దూరం తిప్పిన అమ్మానాన్నల మీద నీకు లెక్క లేదా అని అడిగాను. అద్దం ఇంకా ఆమె చేతికి ఇవ్వనే లేదు. తన పళ్లకు ఏమైందో ఆమె నా తిట్ల ద్వారానే తెలుసుకుంది. సమ్మక్క కూతురి వీపు మీద ఒకటి వేసింది. రవళి ఏడవలేదు. కుర్చీలోంచి లేచి కూర్చుని నా వైపు సూటిగా చూసింది.

"నేను రోజు తుడిచిన సార్. మూడు పూటల తుడిచిన. అవ్వనడుగుండ్రి" అని తల్లిని చూపించింది.

ఆ మాట నన్ను ఆపింది. ఎలా తుడిచావో చూపించు అన్నాను. ఆమె సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసింది. అందులో తెల్లటి మెత్తటి గుడ్డముక్కలు మడతపెట్టి ఉన్నాయి. అవి ఓదెలు పాత పంచె చింపి, నీళ్లలో మరగబెట్టి ఆరేసిన ముక్కలు. రవళి ఒకటి తీసి వేలికి చుట్టుకుని, కిందివరసలో ఇంకా తీయని బ్రాకెట్ల మీద మెల్లగా, పసిబిడ్డ చెంప తుడిచినట్టు తుడిచింది. గుడ్డ బ్రాకెట్ నెత్తి మీదుగా పోయింది. బ్రాకెట్ మొదట్లోకి, చిగురు అంచుకు వెళ్లనే లేదు. లోపలివైపు మాత్రం బ్రష్‌తో, పేస్టుతో తోముకునేదట. బయటివైపు పేస్టు కూడా తగలనిచ్చేవాళ్లు కాదు, అందులో గరుకు ఉంటుందని. అంటే పన్నును గట్టిపరచే ఫ్లోరైడ్ కూడా ఆ పళ్లకు రెండేళ్లు అందలేదు.

ఎందుకిలా చేశారని అడిగితే సమ్మక్క తెల్లబోయింది. ఇందులో అడగడానికి ఏముందన్నట్టు చూసింది. ఇంట్లో పూత పెనం ఉంది. కొన్నప్పుడు దుకాణంవాడు, పీచు పెట్టి రుద్దితే పూత పోతుంది, మెత్తటి గుడ్డతోనే కడగాలి అన్నాడు. అలా కడిగినందుకు ఆ పెనం ఇప్పటికీ కొత్తదానిలా ఉంది. పెనానికే అంత జాగ్రత్త అవసరమైతే బిడ్డ నోట్లో ఉన్న వెండి పూతకు ఎంత కావాలి. ఓదెలు కూడా ఆమె మాటకు తన మాట కలిపాడు.

"మా దగ్గర జింకు పూత పైపులుంటయి సార్. పూత గీసుకుపోయిందంటె ఆడికెల్లే తుప్పు మొదలైతది. గందుకే నేను గూడ బ్రష్ పెట్టనియ్యలే."

వాళ్లు అజాగ్రత్తగా ఉన్నవాళ్లు కారు. నా పేషెంట్లలో అంత శ్రద్ధగా ఉన్నవాళ్లు ఇంకెవరూ లేరు. నేను గొప్పగా చెప్పి అమ్మినదాన్ని, తమకు తెలిసిన పద్ధతిలో, ప్రాణం పెట్టి కాపాడారు. పూతను కాపాడారు. పన్ను పోయింది.

సమ్మక్క నా ముఖంలోకి చూసి ఏదో అనబోయింది. పెదవులు కదిలాయి. అంతలోనే తల దించుకుంది. ఆ చూపుతో నాకు ఒక ఆదివారం గుర్తొచ్చింది. బ్రాకెట్లు అతికించిన రోజే అది. కరీంనగర్‌లో అయితే ప్రతి పేషెంటుకూ నా అసిస్టెంట్ సుద్ద పళ్ల నమూనా మీద బ్రష్ ఎలా తిప్పాలో చూపిస్తుంది. మంచిర్యాలలో ఆ పనికి మనిషి లేదు; బ్రష్, పేస్టు ఒక కవరులో పెట్టి చేతికి ఇచ్చేసేవాళ్లం. ఆ రోజు వాళ్లు వెళ్తుండగా సమ్మక్క తలుపు దగ్గర ఆగి, సారూ, రుద్దితే గీ పూత పోదా అని అడిగింది. నేను అప్పటికే ఇంకొకరి నోట్లోకి వంగి ఉన్నాను. తల ఎత్తకుండా జవాబిచ్చాను.

"అవునమ్మా, రుద్దద్దు. జర పైలంగ చూస్కోవాలె."

గట్టిగా రుద్దితే బ్రాకెట్ ఊడుతుందని నా మనసులో ఉందో, ఆమెను తొందరగా పంపించాలని ఉందో ఇప్పుడు చెప్పలేను. ఆమె వేసిన ఒకే ఒక్క ప్రశ్న అది. సరైన ప్రశ్న. దానికి డాక్టర్ నోటి నుంచి వచ్చిన జవాబును ఆమె రెండేళ్లు అమలు చేసింది.

గుర్తొచ్చాక కూడా నేను ఆ మాట ఒప్పుకోలేదు. ఈ కథలో నేను ఎక్కువగా సిగ్గుపడేది ఇక్కడే. తొందరలో తప్పు మాట జారడం ఎవరికైనా జరుగుతుంది. నాకు అన్నీ తెలిసి, ముగ్గురూ నా ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు నేను అన్న మాట వేరు.

"మీరు తప్పుగ అర్థం చేసుకున్నరమ్మా."

సమ్మక్క తలూపింది. రవళి చేతికి అప్పుడు అద్దం ఇచ్చాను. ఆమె చాలాసేపు చూసుకుంది. తర్వాత చున్నీ కొస తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. మిగిలిన బ్రాకెట్లు తీసి, పళ్ల మీద ఫ్లోరైడ్ వార్నిష్ రాసి, వాటిని కదలకుండా పట్టి ఉంచే రిటైనర్‌కు అచ్చు తీసుకుని, ఇకనుంచి బ్రష్ ఎలా చేయాలో నేనే చూపించి పంపాను. ఓదెలు ఫోను జేబులోనే ఉండిపోయింది. మెట్లు దిగుతూ అతను నాకు దండం పెట్టాడు. ఆ దండం తీసుకున్నాను.

కొన్నాళ్లకు ఓదెలు నుంచి ఫోను వచ్చింది. పళ్ల గురించి అడుగుతాడేమో అనుకున్నాను. అతను భార్య గురించి మాట్లాడాడు. సమ్మక్క సరిగా తినడం లేదట. బిడ్డ పళ్లను తన చేతులతోనే పాడుచేశానని ఇరుగుపొరుగు అందరికీ చెప్పుకుంటోందట. రవళి తల్లితో మాట్లాడటం మానేసిందట. ఒకే ఇంట్లో ఉంటూ అన్నం పెట్టమని కూడా తండ్రి చేత అడిగిస్తోందట.

"ఇంట్ల ఉండబుద్ధయితలేదు సార్, పరేషానున్న. మీరు డాక్టర్, మీ మాటింటది. ఆమెది తప్పు లేదని జర అబద్ధమన్న చెప్పుండ్రి."

అబద్ధమన్నా చెప్పమన్నాడు. నేను ఫోను పెట్టేసి తర్వాతి పేషెంటును పిలిచాను.

ఆ సంగతి ఒక సహోద్యోగికి చెప్పాను. బ్రష్, పేస్టు ఇచ్చావు కదా, ఎలా వాడాలో కవరు మీద అచ్చేసి ఉంది కదా, నీ మీదికి ఏమీ రాదు అన్నాడు. స్నేహంగానే అన్నాడు. కొన్ని రోజులు నేను కూడా ఆ మాటను పట్టుకుని ఉండాలని చూశాను. అది కుదరక, ఒక ఆదివారం మంచిర్యాలలో పని ముగించుకుని ఆటో ఎక్కి నస్పూర్ వెళ్లాను.

నన్ను చూసి వాళ్లు కంగారు పడ్డారు. కుర్చీ తుడిచి వేశారు. ఓదెలు అప్పుడే మొదటి షిఫ్టు నుంచి వచ్చి ఉన్నాడు. అతని ముందు చిన్న గిన్నెలో బెల్లం ముక్కలున్నాయి. బొగ్గు దుమ్ము గొంతులో నిలవకుండా గని మనుషులు షిఫ్టు దిగాక బెల్లం తింటారు. చిన్నప్పటి నుంచి ఆ గిన్నెలోంచి రవళి కూడా ఓ ముక్క తీసుకుని చప్పరించడం అలవాటట. నేను తినకూడదని చెప్పినవాటిలో చాక్లెట్లు ఉన్నాయి, పిజ్జా కూడా ఉంది, బెల్లం లేదు. ఏళ్ల తరబడి గని ఊళ్ల పళ్లకు వైద్యం చేస్తూ, వాళ్లు రోజూ ఏం తింటారో నేను ఒక్కసారీ అడగలేదు.

ముగ్గురినీ కూర్చోమన్నాను. రవళి గుమ్మంలోనే నిలబడింది. జరిగింది దాచకుండా చెప్పాను. పూత గురించి నేను సగమే చెప్పానని, సమ్మక్క అడిగిన ప్రశ్నకు తల ఎత్తకుండా తప్పు జవాబిచ్చానని, రెండేళ్లలో ఒక్కసారి సరిగా చూసి ఉంటే మొదట్లోనే పట్టుకునేవాణ్నని చెప్పాను. ఆ రోజు కరీంనగర్‌లో అంతా గుర్తొచ్చి కూడా, మీరే తప్పుగా అర్థం చేసుకున్నారని అన్నానని కూడా చెప్పాను. ఇది ఓదెలు అడిగిన అబద్ధం కాదు, నిజం అన్నాను.

సమ్మక్క అంది, ఆ మాట తనకు కూడా గుర్తుందట. ఆ రోజు క్లినిక్‌లోనే గుర్తొచ్చిందట.

"మరి అప్పుడే ఎందుకు అనలేదమ్మా?"

"డాక్టర్ మొకం మీద ఎట్ల అంటం సారూ. నేనే సరిగ ఇనలేదేమో అనుకున్న." నా వైపు చూసింది. "గాని మీకు యాదికొచ్చింది గద. గా దినం మేము బస్సెక్కకముందు చెప్తె ఏం పోయేది మీకు?"

ఏం పోయేదో ఇప్పుడు ఆలోచిస్తే నిజంగానే ఏమీ పోయేది కాదు. గదిలో ఓ నిమిషం నేను చిన్నవాణ్నయ్యేవాణ్ని. ఆ నిమిషం తప్పించుకోవడానికి ఒక తల్లినీ కూతురినీ విడదీశాను.

రవళి గుమ్మం దిగి లోపలికి వచ్చింది. నోటి మీద చున్నీ అలాగే ఉంది.

"ఇన్ని దినాలు అవ్వ మీద కోపం పట్టిన సార్. ఇప్పుడు మీ మీద ఉన్నది. ఊకె పోదది."

పోవాల్సిన అవసరం లేదన్నాను. ఆమె తల్లి పక్కన వెళ్లి కూర్చుంది. కాసేపటికి తల్లి మోకాలి మీద చేయి వేసింది. సమ్మక్క కొంగుతో ముఖం తుడుచుకుని, అన్నం తింటవా అని అడిగింది. రవళి, పెట్టు అంది. నేను లేచి వచ్చేశాను. ఓదెలు ఆటో దాకా వచ్చాడు కానీ, ఈసారి దండం పెట్టలేదు.

వైద్యం చాలాకాలం సాగింది. ఆ పనికి వాళ్ల దగ్గర ఏమీ తీసుకోలేదు. అది నా గొప్పతనమేమీ కాదు. తెల్లమచ్చల్లో కొన్ని ఫ్లోరైడ్‌తో, సరైన బ్రషింగ్‌తో క్రమంగా మాసిపోయాయి. కొన్నిటి లోపలికి రెసిన్ అనే పలుచని జిగురు ద్రవం ఇంకించి కనిపించకుండా చేశాను. నడిమి పళ్లకు ఒక పక్కనున్న పన్నుకు రూట్ కెనాల్ తప్పలేదు. రెండో పక్కనున్నదాన్ని ఫిల్లింగ్‌తో నిలబెట్టవచ్చనిపించింది. ఈ పళ్లకు ఇక జీవితాంతం కాపలా కావాలని రవళికి చెప్పేశాను. అప్పుడు ఆమె డిగ్రీలో చేరింది. బెల్లం మానలేదు, తిన్న వెంటనే నోరు పుక్కిలించి, తర్వాత తోముకోవడం నేర్చుకుంది. ఆ పిల్లకు, తండ్రికి మధ్య ఉన్న ఆ గిన్నెను తీసేయమని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

ఆ నీలం అక్షరాల బోర్డు దింపించేశాను. పూత బ్రాకెట్లు మాత్రం మానలేదు, ఎవరైనా కావాలంటే వేస్తాను. తప్పు పూతది కాదు. ఇప్పుడు ఏ పేషెంటునైనా పంపే ముందు, నేను చెప్పింది అర్థమైందా అని అడగను. అర్థమైందనే అంటారు. ఇంటికి వెళ్లి ఏం చేస్తారో నాకు చేసి చూపించండి అంటాను. రోజూ ఏం తింటారో చెప్పమంటాను. చూస్తుంటే ఒక్కోసారి భయం వేస్తుంది. నేను మామూలు మాట అనుకుని చెప్పింది వాళ్ల చేతుల్లో ఇంకేదో అయిపోతుంది. అది వాళ్ల తెలివితక్కువతనం కాదు. తమకు తెలిసిన దాన్ని బట్టే మనుషులు కొత్తదాన్ని అర్థం చేసుకుంటారు. ఆ తెలిసినది ఏమిటో కనుక్కోవడం నా పని. మంచిర్యాలలో ఆదివారాలు ఇప్పుడు సగం మందినే చూడగలుగుతున్నాను. బెంచీల మీద కూర్చున్నవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ అని ఊరుకుంటాను.

సమ్మక్క కూడా మారింది. వైద్యం జరిగినన్నాళ్లూ కుర్చీ పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేది. నేను ఏ సీసా తీసినా అదేంటి, ఎందుకు, పెట్టకపోతే ఏమవుతుంది అని అడిగేది. నా అసిస్టెంట్ ఒకసారి నవ్వుతూ, నువ్వే డాక్టరువైపోవే అక్కా అంటే, ఆమె నవ్వలేదు. నా మాట మీద ఆమెకు ఒకప్పుడు ఉన్న నమ్మకం పోయింది. ఆ నమ్మకాన్ని తిరిగి సంపాదించాలని మొదట్లో తాపత్రయపడ్డాను. తర్వాత వదిలేశాను. ఆమె అడుగుతుంటే నేను సరిగా పనిచేస్తున్నాను.

చివరి ఫిల్లింగ్ పెట్టే రోజున అంతా సిద్ధం చేసుకుని రవళి వైపు వంగాను. సమ్మక్క నా మోచేయి మీద చేయి వేసి ఆపింది.

"గిది ఎన్నేండ్లుంటది సారూ?"

తల ఎత్తాను. ఎప్పటిలా అయితే, ఫికర్ చెయ్యకమ్మా, మంచిగ ఉంటది అనేవాణ్ని. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"నాకు తెల్వదమ్మా. కొందరికి చానేండ్లు ఉంటది, కొందరికి తొందరగనే ఊడుతది. ఊడితే మళ్ల పెడత. గంతే చెప్పగలుగుత."

ఆమె నా మోచేయి మీది నుంచి చేయి తీసేసి, కూతురి వైపు తిరిగింది.

"నోరు తెరువు బిడ్డా" అంది.